‘ప్రేమనగర్’ సినిమాను కత్తిరించి చూపించినందుకు ఫిర్యాదు

రాజమండ్రి

కస్టమర్ సేవల విభాగం అధికారి గారికి,

విషయం: మీ యాప్‌లో ‘ప్రేమనగర్’ (1971) కోతలతో ఉండటం, నవల రాసిన రచయిత్రి పేరు ఎక్కడా లేకపోవడం గురించి.

అయ్యా,

పోయిన ఆదివారం రాత్రి మా అమ్మను పక్కన కూర్చోబెట్టుకుని మీ యాప్‌లో ‘ప్రేమనగర్’ పెట్టాను. అప్పటినుంచి నాకు మనసు మనసులో లేదు. ఫోన్లో చెప్పి చూశాను, చాట్‌లో చెప్పి చూశాను, ఎవరూ పట్టించుకోలేదు. అందుకే ఇలా వివరంగా రాస్తున్నాను.

మా అమ్మకు డెబ్భై దాటాయి. ఈ సినిమాకు మూలమైన నవల వారపత్రికలో సీరియల్‌గా వస్తున్నప్పుడు వారం వారం ఆ పేజీలు చింపి దాచుకుంది. అన్నీ అయ్యాక దబ్బనంతో కుట్టి, పాత క్యాలెండర్ కాగితం అట్టగా వేసుకుంది. ఆ పుస్తకం ఇప్పటికీ మా బీరువాలో ఉంది. పేజీ తిప్పితే అంచులు పొడిపొడిగా చేతికి రాలతాయి. రెండు కళ్లకూ శుక్లాల ఆపరేషన్ అయినా ఆ సన్నటి అక్షరాలు అమ్మకు ఆనడం లేదు. నేను చదివి వినిపిస్తే, ‘నువ్వు గబగబా చదివేస్తావే, నాకు ఎక్కదు’ అంటుంది. పోనీ సినిమా అయినా చూపిద్దామని, కేవలం దీనికోసమే మీ ఏడాది చందా కట్టాను.

సినిమా మొదలైంది కానీ టైటిల్స్ రాలేదు. ‘అదేంటే, పేర్లు వెయ్యలేదు?’ అంది అమ్మ. నేనే ఏదైనా బటన్ నొక్కానేమో అనుకుని వెనక్కి జరిపి చూశాను. నా తప్పేం లేదు, మీ దగ్గరున్న ఫైలే టైటిల్స్ అయ్యాక మొదలవుతోంది. అమ్మ ఎదురుచూసింది ఒక్క పేరు కోసం, ఆ నవల రాసిన కోడూరి కౌసల్యాదేవి గారి పేరు కోసం. సినిమా వివరాలున్న పేజీలో అక్కినేని నాగేశ్వరరావు, వాణిశ్రీ, దర్శకుడు కె.ఎస్. ప్రకాశరావు, నిర్మాత రామానాయుడు, సంగీతం ఇచ్చిన కె.వి. మహదేవన్, అందరూ ఉన్నారు. కథ ఎవరిదో మాత్రం అక్కడా రాయలేదు.

ఇది చిన్న విషయం కాదండీ. ఇదే కథ 1972లో తమిళంలో శివాజీ గణేశన్‌తో ‘వసంత మాళిగై’ అయింది, 1974లో హిందీలో రాజేశ్ ఖన్నా, హేమమాలినితో ‘ప్రేమ్ నగర్’ అయింది. అంతకుముందే ఆమె ‘చక్రభ్రమణం’ నవల 1964లో ‘డాక్టర్ చక్రవర్తి’గా తెరకెక్కింది. మా అమ్మ తరం ఆడపిల్లలు హీరోల కంటే ముందు ఆ రచయిత్రులకు అభిమానులు. ‘నవల ఆవిడది కాబట్టే ఇంట్లో సినిమాకి పంపారు’ అని అమ్మ ఇప్పటికీ చెబుతుంది.

ఇక బొమ్మ సంగతి. 1971 నాటికి తెలుగులో సినిమాస్కోప్, అంటే బాగా వెడల్పాటి బొమ్మ, రాలేదు. మొదటి సినిమాస్కోప్ చిత్రం ‘అల్లూరి సీతారామరాజు’ వచ్చింది 1974లో. ‘ప్రేమనగర్’ తీసింది పాతకాలం ఫ్రేములో, అంటే ఇప్పటి టీవీ బొమ్మతో పోలిస్తే ఎత్తు ఎక్కువ, వెడల్పు తక్కువ. మీరు దాన్ని ఇప్పటి వెడల్పాటి టీవీకి సరిపోయేలా పైనా కిందా కోసేశారు. లెక్క వేస్తే బొమ్మలో దాదాపు పావు వంతు పోయింది. సినిమాలో లత (వాణిశ్రీ) కోసం కల్యాణ్ (నాగేశ్వరరావు) ఒక మందిరమే కట్టించి, ‘నీ కోసం వెలసింది’ అని పాడుతూ చూపిస్తాడు. మాకు ఆ మందిరం పైభాగం కనబడలేదు. దగ్గరి షాట్లలో వాణిశ్రీ నుదుటి దగ్గరే బొమ్మ తెగిపోయింది. ఆ కొప్పు చూడటానికే జనం సినిమాకు వెళ్లిన రోజులవి. అటూ ఇటూ నల్లటి పట్టీలు ఉంటే మాకేం ఇబ్బంది లేదు, బొమ్మ మొత్తం కనబడితే చాలు.

అన్నిటికంటే బాధపెట్టింది ‘మనసు గతి ఇంతే’ పాట. లత మీద దొంగతనం నింద పడుతుంది, కల్యాణ్ కూడా ఆమెను అనుమానిస్తాడు. నిజం తెలిసి బతిమాలినా ఆమె తిరిగి రాదు. అప్పుడొస్తుంది ఈ పాట. పల్లవికి ముందు, పాట రాసిన ఆత్రేయ గారు ఒక సాకీ, అంటే పాటకు ముందు వచ్చే చిన్న ఎత్తుగడ, రాశారు. తాగి ఆమెను మరిచిపోదామంటే తాగనివ్వదు, మరిచిపోయి తాగుదామంటే మరవనివ్వదు అన్న భావం అందులో ఉంటుంది. తాగుడు మానిపించిన మనిషే దూరమైతే వాడి అవస్థ ఏంటో ఆ నాలుగు ముక్కల్లోనే ఉంది, పాటంతా దాని మీదే నిలబడింది. ఘంటసాల గారు దాన్ని ఎంత నిదానంగా అంటారో విన్నవాళ్లకు తెలుసు. మీ ఫైల్లో ఆ సాకీ లేదు. సీను రాగానే అమ్మ పెదాలు కదలడం మొదలైంది, ‘తాగితే’ అన్న మాట నాకు వినబడింది కూడా. అంతలోనే టీవీలో పల్లవి వచ్చేసింది. అమ్మ నోరు మూసుకుని నా వైపు చూసింది. కాసేపటికి ‘ఇంక చాల్లే, కట్టెయ్’ అని లేచి పడుకోవడానికి వెళ్లిపోయింది.

మర్నాడు మా దగ్గరున్న పాత డీవీడీతో పక్కపక్కన పెట్టి పోల్చాను. మీది 11 నిమిషాలు తక్కువ. మా డీవీడీ మీద గీతలు పడి రెండో సగంలో ఆగిపోతుంది, లేకపోతే మీ చందాతో మాకు పనే ఉండేది కాదు.

మీ చాట్‌లో ఇదంతా రాస్తే, యాప్ తీసేసి మళ్లీ ఇన్‌స్టాల్ చేసుకోమన్నారు. చేశాను. ఇంటర్నెట్ స్పీడ్ చూసుకోమన్నారు. చూశాను. సాకీ లేదు మొర్రో అంటే ఆడియో సెట్టింగ్స్ మార్చమన్నారు. ఆ సాయంత్రానికి ‘మీ సమస్య పరిష్కారమైంది’ అని మెసేజ్ వచ్చింది. కనీసం ఆ పాట తెరిచి చూసినవాళ్లు కూడా ఎవరూ లేరు.

నేను అడుగుతున్నది ఇదీ. టైటిల్స్‌తో, సాకీతో, అసలు ఫ్రేములో ఉన్న పూర్తి ప్రింట్ పెట్టండి. దానికి టైమ్ పడుతుందంటే అర్థం చేసుకుంటాను, అప్పటిదాకా ఇది కత్తిరించిన ప్రతి అని సినిమా పేజీలో స్పష్టంగా రాయండి. రచయిత్రి పేరు చేర్చడానికి మాత్రం ఏ ప్రింటూ అక్కర్లేదు, ఈ రోజే చేర్చవచ్చు. పూర్తి ప్రింట్ మీ దగ్గర లేకపోతే నా చందా డబ్బు వాపసు ఇవ్వండి. పూర్తి సినిమా అని చెప్పి కోసింది చూపించడం వినియోగదారుల రక్షణ చట్టం, 2019 కింద సేవాలోపమేనని నా నమ్మకం. పదిహేను రోజుల్లో మనిషి రాసిన జవాబు రాకపోతే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915లో ఫిర్యాదు నమోదు చేస్తాను.

చందా రసీదు, మీ చాట్ కాపీ, రెండు ప్రింట్ల నుంచి తీసిన ఫోటోలు జతచేశాను. పూర్తి ప్రింట్ పెట్టిన రోజు దయచేసి నాకు ఫోన్ చేసి చెప్పండి, అమ్మను మళ్లీ కూర్చోబెడతాను.

ఇట్లు,
మీ చందాదారు