కాలనీ సంక్షేమ సంఘం, కడప: వార్షిక నివేదిక

సభ్యులందరికీ నమస్కారం.

వీధిదీపాలు, పార్కు గోడ, సంక్రాంతి ముగ్గుల పోటీ మీరంతా చూసినవే. ఈ ఏడాది ఎక్కువమంది చేతులు పడింది మాత్రం నీళ్ల పరీక్షల్లో. అందుకే ఈసారి నివేదికలో ఎక్కువ చోటు దానికే.

పప్పు ఉడకదు, సబ్బు నురగ రాదు, గీజరుకు గార పడుతుంది. ఈ బాధ మనకు కొత్తది కాదు. ఎర్రగుంట్ల, జమ్మలమడుగు వైపు నేలలో ఉన్నది సున్నపురాయి. మన వంటింటి గట్టు మీది కడప బండ కూడా ఆ జాతిదే. వాననీరు అలాంటి రాళ్లలోంచి ఇంకేటప్పుడు కాల్షియం, మెగ్నీషియం లవణాలను కరిగించుకుని బోర్లలోకి చేరుతుంది. ఇలాంటి నీళ్లనే కఠినజలం అంటారు.

రసాయనశాస్త్రం చెప్పి రిటైరైన సభ్యులొకరు ఆదివారాలు పరీక్ష నేర్పారు. నీళ్లలో సూచిక, అంటే రంగు మారి చూపే మందు, వేయగానే బీట్‌రూట్ రసం రంగు వస్తుంది. ఆ లవణాలను పట్టుకునే ఈడీటీఏ అనే రసాయన ద్రావణం చుక్కచుక్కగా వేస్తూ పోతే ఒక చుక్కకు నీలమైపోతుంది. ఎన్ని ఎక్కువ చుక్కలు పడితే అంత కఠినజలం. కుళాయి నీళ్లు తొందరగానే నీలమయ్యాయి. బోరు నీళ్లకు పిల్లలు లెక్కపెట్టీ పెట్టీ అలిసిపోయారు. మన దేశపు తాగునీటి ప్రమాణం ఐఎస్ 10500 ప్రకారం కాఠిన్యం లీటరుకు 200 మిల్లీగ్రాములు దాటకూడదు, వేరే నీటి వసతి లేనిచోట 600 వరకు ఒప్పుకుంటారు.

మమ్మల్ని భయపెట్టింది వేరొకటి. చివరి వీధిలో ఒక కుళాయి నీళ్లు పట్టిన సూక్ష్మజీవుల పరీక్ష సీసా తెల్లారేసరికి నల్లబడింది, అంటే మురుగు సూక్ష్మజీవులు చేరాయని గుర్తు. వెతికితే, పైపు మురుగుకాలువలోంచి పోతోంది, అతుకు దగ్గర కారుతోంది. మొరపెట్టుకున్నాక కూడా పని మొదలవడానికి చాలా రోజులు పట్టింది. పసిబిడ్డలున్న ఇళ్లవి. అతుకు మార్చాక మళ్లీ పెట్టిన సీసా నల్లబడలేదు.

ఇక మునగ గింజలతో బురదనీళ్లు తేర్చి చూసిన సంగతి. కుండ లోపల చిల్లగింజ అరగదీసి నీళ్లు తేర్చడం మన అవ్వల కాలం నాటి పద్ధతే. సూడాన్‌లో ఆడవాళ్లు నైలు నది బురదనీళ్లను మునగ గింజలతో తేర్చుకునేవారు. ఎండిన కాయల గింజలు ఒలిచి, తెల్లపప్పు దంచి, ఆ పొడిని కొంచెం నీళ్లలో కలిపి గుడ్డలో వడగట్టాం. ఆ పాలను బిందెలో పోసి నిమిషంపాటు జోరుగా, తర్వాత నిదానంగా తిప్పి, కదపకుండా ఉంచాం. గింజలోని ప్రొటీను మట్టి రేణువులను ఒకదానికొకటి అంటించి అడుగుకు దించుతుంది. రెండు గంటలకు బిందె అడుగు కనిపించింది.

కాఠిన్యం మాత్రం కొంతే తగ్గింది. పొడి పెంచితే మర్నాటికి నీళ్లు వాసన కొట్టాయి. బోరు నీళ్లను బాగా మరగబెట్టి, చల్లారాక పైతేట వంచుకుంటే ఇంతకన్నా మేలు కనిపించింది, తెల్లటి సున్నం గిన్నె అడుగునే ఉండిపోయింది. గింజలతో తేర్చిన నీళ్లనైనా మరగబెట్టకుండా తాగొద్దు, పిల్లలకు అసలే పట్టొద్దు. ఫ్లోరైడు ఉన్న నీళ్లకు గింజల్నీ, మరగబెట్టడాన్నీ నమ్ముకోకండి. దానికి ప్రయోగశాల పరీక్ష చేయించాల్సిందే.

వచ్చే ఏడాది వానలకు ముందొకసారి, తర్వాతొకసారి ప్రతి వీధిలో పరీక్షలు చేస్తాం. పెరట్లో మునగచెట్టు ఉన్నవాళ్లు ముదురుకాయలు కొన్ని చెట్టుమీదే ఎండనివ్వండి. నీళ్లు తెచ్చేవాళ్లు కుళాయిని రెండు నిమిషాలు వదిలి, కడిగిన సీసాలో పట్టండి. సూక్ష్మజీవుల పరీక్షకు మాత్రం సంఘం ఇచ్చే సీసాలోనే పట్టాలి, మూత లోపల వేలు తగలనివ్వకండి.