మాత్రల కోసం విశాఖ దాకానా?

సంపాదకులు గారికి,

ఏటా అక్టోబరు 10న ప్రపంచ మానసిక ఆరోగ్య దినం పేరిట మన శ్రీకాకుళం జిల్లాలోనూ ర్యాలీలు జరుగుతాయి. ప్రజల్లో అవగాహన లేకపోవడం వల్లే మనోవ్యాధులకు వైద్యం అందడం లేదని వక్తలు చెబుతారు. ఆరోగ్య శాఖలో ఊళ్లు తిరిగి పనిచేసి విరమణ పొందిన నాకు ఆ మాట సగమే నిజమనిపిస్తుంది.

గాలి సోకిందని ముందు భూతవైద్యుడినీ, ఆ తర్వాత ఆర్‌ఎంపీనీ ఆశ్రయించేవారు ఇప్పటికీ ఉన్నారు. ఆడవాళ్లు దిగులుగా ఉందని చెప్పరు. తలనొప్పి, గుండెదడ, ఒళ్లు మంటలని చెప్పి గ్యాస్ మాత్రలతో ఇంటికి వస్తారు. మగవాళ్లలో చాలామంది తాగుడు ముదిరి ఫిట్సు వచ్చాక గానీ ఆసుపత్రి గుమ్మం ఎక్కరు. అయితే ఇంత తిరుగుడు తిరిగి మానసిక వైద్యుడి దగ్గరికి చేరినవారు కూడా నాలుగు నెలలకే మందులు ఎందుకు మానేస్తున్నారో అడిగేవారు లేరు.

స్కిజోఫ్రెనియా వంటి తీవ్ర మనోవ్యాధికి ఏళ్ల తరబడి మందులు వాడాలి. ఆ మందుల కోసం మందస నుంచి విశాఖ వెళ్లి రావాలంటే రోగి కూలీతో పాటు తోడు వెళ్లినవారి కూలీ కూడా పోతుంది, చార్జీలు అదనం. మత్స్యకార గ్రామానికి చెందిన ఒక తల్లి పాలిథిన్ కవర్లో నాలుగు మడతల చీటీ, ఖాళీ మాత్రల అట్ట పెట్టుకుని మందుల దుకాణానికి వచ్చి, ఉన్న డబ్బుకు పది మాత్రలే కొనుక్కుని, కొడుకుకు రోజుకు సగం చొప్పున వేయడం నాకు తెలుసు. ఆమెకు లేనిది అవగాహన కాదు.

2015-16 జాతీయ మానసిక ఆరోగ్య సర్వే, జబ్బును బట్టి నూటికి 70 నుంచి 92 మందికి చికిత్స అందడం లేదని తేల్చింది. సర్వే జరిగిన 12 రాష్ట్రాల్లో మనది లేదు కనుక, ఇక్కడి సంగతికి ఓపీ రిజిస్టర్లనే చూసుకోవాలి. అవి వచ్చినవారిని లెక్కిస్తాయి తప్ప తిరిగి రానివారిని కాదు. (ఇచ్ఛాపురం వైపు వారికి విశాఖ కన్నా ఒడిశాలోని బరంపురమే దగ్గర, అక్కడికి వెళ్లినవారు మన లెక్కల్లోకే రారు.)

2017 నాటి మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం 18వ సెక్షన్ ప్రకారం, నిర్దేశించిన అత్యావశ్యక మందులు సామాజిక ఆరోగ్య కేంద్రాలు మొదలు పై స్థాయి ప్రభుత్వ ఆసుపత్రులన్నిటిలోనూ ఎల్లప్పుడూ ఉచితంగా దొరకాలి. నేను అడిగిన ఒక కేంద్రంలో మాత్రం జిల్లా ఆసుపత్రికి వెళ్లమన్నారు. 2022లో మొదలైన ప్రభుత్వ మానసిక ఆరోగ్య ఫోన్ సేవ టెలి మానస్‌కు 14416 నంబరులో ఫోన్ చేస్తే సలహా దొరుకుతుంది, మంచి ఏర్పాటే; కానీ నెలనెలా మింగవలసిన మాత్రలు ఫోన్లో రావు కదా.

క్షయ రోగి మందులు మానేస్తే ఆశా కార్యకర్త ఇంటికి వెళ్లి ఆరా తీసే పద్ధతి మన దగ్గర ఉండనే ఉంది. అదే పద్ధతిని మానసిక రోగులకూ వర్తింపజేసి, నెలకొక నిర్ణీత రోజున సామాజిక ఆరోగ్య కేంద్రంలోనే మందులు ఇవ్వాలి. కొత్త ఓపీల సంఖ్యతో పాటు, గత ఏడాది మందులు మొదలుపెట్టినవారిలో ఇప్పటికీ వాడుతున్నవారు ఎందరో మండలాలవారీగా ప్రకటించాలని జిల్లా అధికారులను కోరుతున్నాను.

– ఒక విశ్రాంత ఆరోగ్య పర్యవేక్షకుడు, సోంపేట