చిన్నీకి, పరిషేకి వచ్చేముందు

చిన్నీ,

కార్తీక ఆఖరి సోమవారం కడలెకాయి పరిషేకి, అదే చెనక్కాయల జాతరకి, బుడ్డోణ్ణి తీసుకొస్తానన్నావు, రామ్మా, బెంగళూరు బసవనగుడిలో బుల్ టెంపుల్ రోడ్డంతా చెనక్కాయల రాసులే, వాడికి పండగే. కానీ వాడికింకా ఏడాదిన్నరే, నమిలే దవడపళ్లు సరిగా రాలేదు, గింజ మాత్రం చేతికియ్యొద్దు, నాలుగైదేళ్లు వచ్చేదాకా వద్దే వద్దు.

నీకు ఇది పూర్తిగా ఎప్పుడూ చెప్పలే. మీ అన్నకి రెండేళ్లప్పుడు పరిగెడతా నవ్వతా తింటాంటే గింజ పొరపోయింది, మొహం ఎర్రగా కందిపోయి తెగ దగ్గినాడు, కాసేపటికి దగ్గు ఆగిపోయి మళ్లీ ఆడుకున్నాడు, కడుపులోకి పోయిందిలే అనుకున్నా. వారం పోయినాక దగ్గు, జ్వరం. సిరప్‌లు వాడినాం, ఎక్స్‌రేలో ఏమీ లేదన్నారు, తగ్గినట్టే తగ్గి మళ్లీ వచ్చేది. పొరపోయిన సంగతి నేను డాక్టరుకి చెప్పనే లేదు, ఆ రెండూ ఒకటే అని తట్టలేదే! చివరికి ఇంకో డాక్టరు వీపుమీద రెండు పక్కలా స్టెత్ పెట్టి చూసి, ఏమన్నా గొంతులో పడిందామ్మా అనడిగితే నా గుండె జారిపోయింది.

కుడిపక్క ఊపిరి గొట్టం వెడల్పుగా, నిటారుగా ఉంటదంట, అందుకే ఎక్కువగా అటే పోతాయి. గింజ ఎక్స్‌రేలో కనపడదు, తడికి ఉబ్బుతుంది. మత్తిచ్చి నోట్లోంచి బ్రాంకోస్కోప్, అంటే ఊపిరి గొట్టం లోపల చూసే సన్న గొట్టం, దించి తీసినారు. 1897లో జర్మనీలో కిలియన్ అనే డాక్టరు ఒక రైతు ఊపిరి గొట్టంలోంచి ఎముక ముక్కని ఇట్లాగే తీసినాడంట. మీ అన్నది చిన్న సీసాలో చూపించినారు, సగం బద్ద, పొట్టు ఊడి తెల్లగా ఉబ్బిపోయి ఉంది, దానికోసం నా బిడ్డ నెలరోజులు అల్లాడినాడు.

వాడు గట్టిగా దగ్గుతాంటే దగ్గనియ్యి, కనపడని దానికోసం నోట్లో వేలుపెట్టి కెలకొద్దు. దగ్గు, ఏడుపు, మాట ఏదీ రాకపోతే ముందుకు వంచి వీపుమీద రెండు రెక్కల మధ్యన అరచేతి మడమతో అయిదు దెబ్బలు, పోకపోతే వెనకనుంచి బొడ్డుకి కాస్త పైన పిడికిలిపెట్టి లోపలికి, పైకి అయిదుసార్లు నొక్కు, అట్లా మార్చి మార్చి చెయ్యి. ఏడాదిలోపు పిల్లలకి పొట్ట నొక్కకూడదు, రొమ్ము మధ్యన నొక్కాలి. పక్కనోళ్లని 108కి ఫోన్ చెయ్యమను. ఊపిరాడినాక కూడా, దగ్గు ఆగినాక కూడా హాస్పిటల్‌కి పోయి పొరపోయిందని నోరు తెరిచి చెప్పు.

నువ్వొచ్చేసరికి కాయలు వేయించి పొడి మెత్తగా దంచి పెడతా, నెయ్యేసి అన్నంలో కలిపి వాడికి నేనే తినిపిస్తా.

మీ అమ్మ