ఆదివారం పాత కత్తుల పని: ఏం తేవాలి, ఎలా తేవాలి

అందరికీ నమస్కారం. పాత కత్తులు శుభ్రం చేసే పని ఈ ఆదివారం ఉదయం 10 గంటలకు, మామూలు చోటే. తలా ఒక కత్తి, దాని ఒర తీసుకురండి.

నైట్రైల్ గ్లవ్స్, పాత నూలు గుడ్డ, మినరల్ ఆయిల్, 0000 నంబర్ స్టీల్ ఊల్ (చాలా సన్నటి ఉక్కు పీచు) కావాలి.

కత్తి దూసేటప్పుడు పదునువైపు వేళ్లు చుట్టి ఒరను పట్టుకోకండి. పాత ఒర అతుకు విడిపోతే చెయ్యి తెగుతుంది.

పిడి మీద బంగారు కోఫ్త్‌గరీ ఉంటే స్టీల్ ఊల్, మెటల్ పాలిష్ అస్సలు తగలనివ్వద్దు. సన్నటి గీతలు చెక్కిన ఉక్కు మీద అదిమిన పల్చటి బంగారం అది. రుద్దితే లేచిపోతుంది, మళ్లీ రాదు.

తోలు ఒర ఎర్రగా పొడి రాలుతుంటే నూనె రాయకుండా గుడ్డలో చుట్టి తెండి. మఖమల్ ఒరకు మెత్తటి బ్రష్ చాలు.

మరిచిపోవద్దు: తోలు ఒరలో కత్తిని ఉంచకండి, రెండూ విడిగా తెండి. తోలులోని ఆమ్లం, చెమ్మ కలిసి తుప్పు పట్టిస్తాయి.

వచ్చేవాళ్లు శుక్రవారంలోగా ఒర తోలుదా, మఖమల్‌దా, లోహందా ఇక్కడే రాయండి.