పాట రాసే పిల్లలకు ఒప్పంద పత్రం తెలుగులో ఇవ్వాలి

సంపాదకులకు నమస్కారం.

మన ఫోక్ సాంగ్స్‌కు కోట్లలో వ్యూస్ వస్తున్నాయని పత్రికల్లో తరచూ చదువుతున్నాం. సంతోషమే. కానీ ఆ పాట రాసినవాళ్ల చేతికి ఎంత వస్తోందన్న లెక్క మాత్రం ఎక్కడా కనపడదు. ఆ సంగతి అడగడానికే ఈ ఉత్తరం. దానికి ముందు బ్రిటన్ గాయని కేట్ బుష్ గురించి నాలుగు మాటలు చెప్పనివ్వండి. తానే రాసి, తానే బాణీ కట్టి, తానే పాడే మనిషి ఆమె. లండన్ వెళ్లొచ్చిన ఒక మిత్రుడు ఇచ్చిన క్యాసెట్‌తో మొదలై, ముప్పయ్యేళ్లుగా ఆమె పాటలు వింటున్నాను.

1985లో ఆమె చేసిన ‘రన్నింగ్ అప్ దట్ హిల్’ అప్పట్లో బ్రిటన్ చార్టులో, అంటే ఎక్కువ ఆదరణ ఉన్న పాటల జాబితాలో, 3వ స్థానం దాకా వెళ్లింది. 2022లో ఒక వెబ్ సిరీస్‌లో ఆ పాట రావడంతో 37 ఏళ్ల తర్వాత 1వ స్థానానికి చేరింది. అప్పటికి ఆమె వయసు 63. చాలామంది అదృష్టం అన్నారు. నేను ఒప్పుకోను. ఆ పాటకు రచన, సంగీతం, నిర్మాణం మూడూ ఆమెవే. సిరీస్ వాళ్లు కూడా ఆమెను అడిగి, ఆమె సరేనన్నాకే వాడుకున్నారు. అన్నేళ్ల తర్వాత కూడా ‘సరే’ అనే అధికారం ఆమె చేతిలో ఉంది చూడండి, నేను చెప్పదలచుకున్నది దాని గురించే.

ఇరవై ఏళ్లు నిండకముందే ఆమె ఈఎంఐ అనే రికార్డు కంపెనీతో ఒప్పందం చేసుకుంది. కంపెనీ తొందరపెట్టలేదు. ఆ టైంలో డ్యాన్స్ నేర్చుకుంది, చిన్న బ్యాండుతో పబ్బుల్లో పాడింది, పాటలు రాసుకుంది. మొదటి రికార్డుగా కంపెనీ వేరే పాట వేద్దామంటే, కాదని ‘వుదరింగ్ హైట్స్’ కోసం పట్టుబట్టింది. 1978లో అది నాలుగు వారాలు 1వ స్థానంలో నిలిచింది. సొంతంగా రాసిన పాటతో బ్రిటన్‌లో ఆ స్థానానికి చేరిన మొదటి మహిళ ఆమే. 1982లో ఒంటరిగా నిర్మించిన ఆల్బమ్ మునుపటి వాటిలా అమ్ముడుపోలేదు. అయినా బెదరలేదు. తల్లిదండ్రుల ఇంటి ఆవరణలో ఉన్న పాత కొట్టాన్ని స్టూడియోగా మార్చుకుంది. గంటకింత అని అద్దె లెక్క చూసుకోకుండా అక్కడ కూర్చుని చేసిన పాటే 37 ఏళ్ల తర్వాత మళ్లీ లేచింది. అన్నిటిలోనూ ఆమె మాటే నెగ్గిందని కాదు. ఆ పాటకు ముందు పెట్టుకున్న పేరులో దేవుడి మాట ఉందని కంపెనీ భయపడితే మార్చుకుంది. పేరు విషయంలో తగ్గింది, పాటను మాత్రం వదులుకోలేదు. 2011లో పాటలు విడుదల చేసే సొంత లేబుల్ కూడా పెట్టుకుంది.

ఇక మా ఇంటి సంగతి. మా అక్క కొడుకు డిగ్రీ చదువుతూ, వాళ్ల నాయనమ్మ నాట్లప్పుడు పాడుకునే తీరులో ఒక పాట రాసి బాణీ కట్టాడు. ఒక యూట్యూబ్ ఛానల్ వాళ్లు పిలిచారు. మొబైల్ షాపు పైన చిన్న గది. రెండు పేజీల ఇంగ్లిష్ కాగితం ముందు పెట్టి, కింద పెన్సిల్‌తో టిక్కు కొట్టి, ఇక్కడ సంతకం పెట్టు తమ్మీ అన్నారు. పెట్టాడు. ఎనిమిది వేలు ఇచ్చారు. తర్వాత ఆ కాగితం నేను చదివాను. ప్రపంచమంతటా, శాశ్వతంగా, ఇప్పుడున్న, ఇకముందు రాబోయే అన్ని టెక్నాలజీల్లోనూ హక్కులన్నీ వాళ్లవే అని ఉంది. వీడియో కింద వీడి పేరు కూడా వేయలేదు. మొన్న మా బంధువుల పెళ్లి బరాత్‌లో డీజే ఆ పాట పెట్టాడు. అందరూ ఎగురుతున్నారు. వాడు మాత్రం ఫోన్ చూసుకుంటూ గోడ పక్కన నిలబడ్డాడు. ‘ఇది నువ్వు రాసిందే కదరా’ అంటే, ‘ఊకో మామా’ అన్నాడు. ఆ మాట నాకు ఇంకా గుచ్చుకుంటూనే ఉంది.

నిజానికి చట్టం వాడి పక్షానే ఉంది. 2012లో కాపీరైట్ చట్టాన్ని సవరించారు. పాట రాసినవారు, బాణీ కట్టినవారు హక్కులు అమ్ముకున్నా రాయల్టీలో, అంటే పాట వాడుకున్నందుకు వచ్చే డబ్బులో, సమాన వాటా వాళ్లకు ఉంటుంది. ఆ వాటా నాకొద్దని సంతకం పెట్టినా చెల్లదు. గడువు రాయని ఒప్పందం అంతకుముందు నుంచే ఐదేళ్లకు పరిమితం. సంతకం నాటికి లేని మాధ్యమంలో వాడుకోవాలంటే దాన్ని ప్రత్యేకంగా పేర్కొనాలి. ఈ నాలుగు ముక్కలు తెలిసిన పాటగాడు మా జిల్లాలో నాకు ఇంతవరకు ఒక్కరూ తగల్లేదు.

‘రాబోయే టెక్నాలజీలు’ అన్న ఆ మాట దగ్గర నాకు అసలు టెన్షన్. 2025 ఫిబ్రవరిలో కేట్ బుష్‌తో సహా వెయ్యిమందికి పైగా సంగీతకారులు పాటే లేని ఆల్బమ్ విడుదల చేశారు. అందులో ఉన్నవి ఖాళీ స్టూడియోల చప్పుళ్లు మాత్రమే. ఏఐ కంపెనీలు అనుమతి లేకుండా పాటలు వాడుకునేలా చట్టం మార్చవద్దని వాళ్ల ప్రభుత్వాన్ని అలా అడిగారు. అంత పేరున్నవాళ్లే భయపడుతుంటే, మన పల్లె పిల్లల గొంతులకు దిక్కెవరు?

భాషా సాంస్కృతిక శాఖ ఒక నమూనా ఒప్పందాన్ని సులువైన తెలుగులో తయారుచేసి జిల్లా గ్రంథాలయాల్లో పెట్టాలి. న్యాయ సేవాధికార సంస్థలు కాలేజీల్లో పెట్టే సదస్సుల్లో ఈ విషయం కూడా చెప్పాలి. ఛానళ్లు పాట కింద రచయిత, స్వరకర్త పేర్లు తప్పకుండా వేయాలి. మీ పత్రిక వారానికో సందేహానికి న్యాయవాదితో జవాబు ఇప్పిస్తే ఎంతోమందికి మేలు చేసినవారవుతారు.

మావాడు రెండో పాట రాశాడు. ఇంకో ఛానల్ వాళ్లు వాట్సాప్‌లో కాగితం పంపారు. మళ్లీ ఇంగ్లిషే. శనివారంలోగా సంతకం కావాలంటున్నారు.

ఇట్లు,
ఒక విశ్రాంత తెలుగు ఉపాధ్యాయుడు,
సిద్దిపేట.