మూడూ పైచిలుకూ

అంబాజీపేట,
జూలై 23.

చిరంజీవి బుజ్జమ్మకి అమ్మ ఆశీర్వదించి రాయునది. ఇక్కడ అందరం క్షేమం. కొబ్బరికాయ రేటు పడిపోయిందని మీ నాన్న రోజూ పాడే పాటే పాడుతున్నారు. అంటే ఆయనా క్షేమమే. ఫోన్లో చెప్తే సగం విని "సరేలే అమ్మా, క్లాసుంది" అంటావని కాయితం మీద పెడుతున్నాను.

మార్చి 14న నువ్వు ఫోన్ చేసి "ఇవాళ పై డే అమ్మా, హాస్టల్లో కేకు కోశాం" అన్నావు గుర్తుందా? స్పీకర్లో విని మామ్మ "పైన ఏముందే, పై పోర్షను అద్దెకిచ్చేశాం కదా" అంది. ఆ పూటకి నవ్వి ఊరుకున్నాం. 1988లో శాన్‌ఫ్రాన్సిస్కోలో ఓ సైన్సు మ్యూజియంలో పనిచేసే లారీ షా అనే ఆయన ఇది మొదలెట్టాడనీ, గుండ్రటిదాని చుట్టుకొలత అడ్డుకొలతకి ఎన్ని రెట్లో చెప్పే పై అనే అంకె 3.14 అనీ, వాళ్ళు నెల ముందు, తేదీ తర్వాత రాస్తారు కాబట్టి 3, 14 అని కుదిరిందనీ, అందరూ గుండ్రంగా తిరిగి, అదే పేరున్న పళ్ళ వంటకం తిన్నారనీ నువ్వు చెప్పినదంతా నా బుర్రలో ఉండిపోయింది.

మనం తేదీ ముందు రాస్తాం. పద్నాలుగో నెల మనకి లేదు. పోనీ 31-4 అందామంటే ఏప్రిల్‌కి ముప్పై రోజులే. బళ్ళో పై అంటే 22ని 7తో భాగించమనే కదా చెప్పేవారు, ఇక మిగిలింది 22-7. అదే నిన్న జరుపుకున్నాం. మన వీధి చివర రిటైరైన లెక్కల మాస్టారు లేరూ, ఆయన్ని అడిగితే మన తేదీయే అసలుకి ఎక్కువ దగ్గరన్నారు. అసలు పై 3.14159 అని పోతూ ఉంటుందట. 3.14 దానికి 0.00159 తక్కువ. 22ని 7తో భాగిస్తే 0.00126 ఎక్కువ. తేడా వెంట్రుకవాసే అయినా నాకు సంతోషం వేసింది.

ఆ ఇరవై రెండూ ఏడుతో నాకు పాత తగువుంది. తొమ్మిదో తరగతిలో "ఇరవై రెండే ఎందుకండీ, ఏడే ఎందుకండీ" అని అడిగినందుకు అరచెయ్యి వాచింది. మళ్ళీ అడగలేదు. పదిలో లెక్కలు నాలుగు మార్కుల్లో పోయాయి, నన్ను తీసుకెళ్ళి కుట్టు నేర్చుకోమని కూచోబెట్టారు. అక్కడ అంబ్రెల్లా లంగాకి నడుం కొలతని ఆరుతో భాగించమని చెప్పారు. ఎందుకని అడిగే అలవాటు అప్పటికే పోయింది.

ఇరవై ఏళ్ళు అలాగే కోశాను. గుడ్డని నాలుగు మడతలు పెట్టి, మూల మీద టేపు చివర బొటనవేలితో నొక్కి పట్టుకుని, రెండో చేత్తో టేపుని తిప్పుకుంటూ సుద్దముక్కతో చుక్కలు పెట్టడం. 28 నడుముకి ఆరుతో భాగిస్తే నాలుగుంబావు దాటి ముప్పావుకి కాస్త ఇవతల. కోసి విప్పి చూస్తే రంధ్రం ప్రతిసారీ పెద్దదే! నడుం పట్టీ వేసేటప్పుడు మిగులుని చిన్న చిన్న కుచ్చులుగా లోపలికి తోసేసేదాన్ని. గుడ్డ క్రాసులో సాగిందనుకున్నాను, నా చెయ్యి తిన్నగా లేదనుకున్నాను. తప్పు లెక్కలో ఉందని మాత్రం తోచలేదు. ఆరుతో భాగించడమంటే పైని మూడుగా పట్టి, దాన్ని రెట్టింపు చేసి భాగించడమే. చుట్టుకొలత అంటే అడ్డుకొలతకి మూడు రెట్లు కాదు, మూడూ పైచిలుకూ. ఆ పైచిలుకే నేను ఇరవై ఏళ్ళు కుచ్చులు పెట్టింది.

మొన్న పాత పేపరు మీద కోసి చూశాను. ఆరుకి బదులు ఇరవై రెండూ ఏడునే రెట్టింపు చేసి, అంటే 28ని ఏడుతో హెచ్చవేసి 44తో భాగించాను. నాలుగున్నరకి నలుసంత తక్కువ వచ్చింది. కోసి, అంచు చుట్టూ టేపు పెడితే సరిగ్గా 28! ఆరుతో కోసినదానికి 29 దాటింది. ఆ రెండు పేపర్లూ మిషను డ్రాయర్లో దాచాను, వచ్చినప్పుడు చూద్దువుగాని.

ఇక నిన్నటి సంగతి. ఆషాఢం కదా, పెళ్ళిళ్ళు లేవు, మిషను ఖాళీ. శ్రావణం వస్తే తల గోక్కునే తీరిక ఉండదు. పొద్దుటి నుంచీ ముసురు. నా దగ్గర కుట్టు నేర్చుకునే పిల్లలు, పక్కింటి చంటిగాడు, అందరూ వచ్చారు. కేకెందుకులే అని దిబ్బరొట్టె వేశాను. మామ్మేమో గోరింటాకు రుబ్బి పిల్లల అరచేతుల్లో చందమామలు పెట్టేసింది. ఇంకేముంది, ఒక్కళ్ళ చేతులూ పనికిరాలేదు. చంటిగాడొక్కడే దారం పట్టుకుని రొట్టె చుట్టూ తిప్పుతుంటే, ఈ ఆడపిల్లలు చేతులు పైకెత్తుకుని "కిందికి లాగరా, మాడిన అంచు వదిలెయ్‌రా" అని పెత్తనం. మామ్మ వచ్చి "తినేదానికి ఆ మొలతాడేంటే" అని కేకలేసింది.

అడ్డంగా ఏడంగుళాలు. చుట్టూ ఇరవై రెండున్నర. అర అంగుళం ఎక్కువొచ్చింది. రొట్టె అంచు నీటుగా రాదుగా. బిందె మూత కొలిస్తే లెక్క బాగా కుదిరింది గానీ, అది తినడానికి పనికిరాదని చంటిగాడికి దాని మీద గౌరవం లేదు.

మాస్టారు కూడా ఓ ముక్క తిని ఆర్యభటుడి శ్లోకం చదివారు. నూటనాలుగుని ఎనిమిదితో హెచ్చవేసి అరవై రెండు వేలు కలిపితే, ఇరవై వేల అడ్డుకొలత ఉన్న వృత్తానికి చుట్టుకొలతట. అంటే 62832. భాగిస్తే 3.1416. క్రీస్తుశకం 499 నాటి మాటట. అందులో "ఆసన్న" అని ఉంది, దగ్గర దగ్గరగా అని అర్థం చెప్పారు. నాకా మాట భలే నచ్చింది. మా కత్తెర పనివాళ్ళం కూడా అరంగుళం లోపల మడిచి పెట్టుకునే కదా కోస్తాం.

"మరి దగ్గర దగ్గర కాకుండా అసలుది ఎంత?" అంది మామ్మ. మాస్టారు ఎంత భాగించినా తెగదనీ, 1761లో లాంబర్ట్ అనే ఆయన ఏ భిన్నానికీ లొంగదని నిరూపించాడనీ చెప్పారు. మామ్మ నావైపు తిరిగి, "తెగనిదాన్ని కత్తెరతో ఎలా కోశావే?" అంది. మాస్టారికి నవ్వుతో పొలమారింది.

గోదారి ఎర్రబడింది. లంకల వైపు పోయే కాజ్‌వేల మీదికి నీళ్ళొచ్చాయంటున్నారు. మనకేం భయం లేదు, నువ్వు టెన్షన్ పడకు. పూతరేకులు మీ నాన్న బస్సులో పంపిస్తారు, రూమ్మేట్లకి కూడా పెట్టు.

దసరాకి నీకో అంబ్రెల్లా లంగా కోస్తాను, ఒక్క కుచ్చు కూడా లేకుండా. నడుం కొలత పంపు. పోయినసారి లాగా "ఇరవయ్యారేమో అమ్మా" అని ఉజ్జాయింపుగా చెప్పకు. టేపు పెట్టి, ఊపిరి బిగబట్టకుండా కొలిచి పంపు.

మీ అమ్మ