ఐదో తరగతి పిల్లలకు ఎంట్రన్స్ ఎందుకు?

సంపాదకుల వారికి,

చిత్తూరు బస్టాండు దగ్గర నాకో చిన్న నెట్ సెంటర్ ఉంది. సర్కారు ఆదర్శ పాఠశాలల్లో (మోడల్ స్కూళ్లలో) ఆరో తరగతి ప్రవేశ పరీక్షకు నోటిఫికేషన్ పడిందంటే యాదమరి, గుడిపాల, తవణంపల్లె వైపు నుంచి తల్లులు పిల్లల్ని వెంటబెట్టుకుని వస్తారు. ఆధార్‌లో పేరు ఒకలా, బడి రికార్డులో ఇంకోలా ఉంటుంది. ఓటీపీ ఏమో బెంగళూరులో పనికి పోయిన నాన్న ఫోనుకి వెళ్తుంది, ఆయన ఎత్తడు. ఈ తంటాలన్నీ పడి ఫారం సబ్మిట్ కొట్టాక వాళ్లడిగేది ఒకటే: "అక్కా, కోచింగ్‌కి పంపకుంటే సీటు వస్తాదా?"

ఏం చెప్పను? ఆరు నుంచి ఇంటర్ దాకా ఒకేచోట ఇంగ్లిష్ మీడియం చదువు కాబట్టి పోటీ తప్పదు. పరీక్ష ఐదో తరగతి సిలబస్ మీదే అంటారు. నిజమే. కానీ నవోదయ కోచింగ్‌కి వెళ్లిన పిల్లాడు మోడల్ పేపర్లు నమిలి మింగేసి ఉంటాడు. మొన్న ఒకమ్మాయి, వాళ్లమ్మ మామిడి గుజ్జు ఫ్యాక్టరీలో కూలీ, నేను ప్రింట్ తీసిచ్చిన పాత పేపర్లో నాలుగు జవాబులకూ టిక్కులు పెట్టేసింది. ఒకటే పెట్టాలని ఆ పిల్లకి అప్పటిదాకా ఎవరూ చెప్పలేదు. లెక్కలు నోటితో అడిగితే మాత్రం టకటకా చెప్పింది!

మా చెల్లెలు అమెరికాలో అరిజోనాలో ఉంటుంది. వాళ్లబ్బాయి చార్టర్ స్కూల్లో ఏడో తరగతి. పేరు విని లక్షల ఫీజు అనుకున్నాను. తీరా చూస్తే ప్రభుత్వ సొమ్ముతో నడిచే బడే, ఫీజు లేదు. ఇలాంటి బడులకు 1991లో మినెసోటా రాష్ట్రం మొదట చట్టం చేసింది. నడిపేవాళ్లు కొన్నేళ్లకు ఒప్పందం రాసుకోవాలి, చదువు సరిగా చెప్పకపోతే అది రద్దు. మావాడిది చిన్న బడి, ఆరు నుంచి పన్నెండు వరకు పిల్లలందరినీ పేరు పెట్టి పిలుస్తారట. సీట్ల కన్నా దరఖాస్తులు ఎక్కువైతే లాటరీ తీస్తారు, అంతే. మావాడికీ అలాగే వచ్చింది. అక్కడా అన్నీ బాగున్నాయని కాదు. చాలా బడులకు బస్సు ఉండదు, ఒప్పందం పోయి బడి మూతపడితే పిల్లలు ఇంకో బడి వెతుక్కోవాలి. ఆ ఒప్పందాల గొడవ మనకొద్దు. లాటరీ మాత్రం కావాలి.

ఇది మనకు కొత్తేమీ కాదు. విద్యాహక్కు చట్టం కింద ప్రైవేటు బడుల్లో 25 శాతం సీట్లకు ఒకటో తరగతిలో లాటరీయే. ఆ ఫారాలూ నా దగ్గరే నింపుతాను. అదే 2009 చట్టం 13వ సెక్షన్ ప్రవేశానికి పిల్లల్ని వడపోయకూడదని చెబుతోంది. నవోదయ లాంటి వాటిని ప్రత్యేక కోవలో పెట్టి పక్కకు తప్పించారు, సరే. ప్రైవేటు బడిలో లాటరీ పెట్టించి, సర్కారు బడికి పదేళ్ల పిల్లతో ఎంట్రన్స్ రాయించడం ఏం న్యాయం?

బాగా చదివేవాళ్లకు అన్యాయం జరుగుతుందని ఒక టీచరుగారు నాతో వాదించారు. బాగా చదివే పిల్లలు ఏ బడిలోనైనా నెట్టుకొస్తారు సార్. మంచి టీచర్లు, ల్యాబు అవసరం మిగతావాళ్లకే ఎక్కువ.

రిజర్వేషన్లు అలాగే ఉంచి, వచ్చే ఏడాది కనీసం సగం సీట్లయినా లాటరీతో ఇవ్వాలని విద్యాశాఖను కోరుతున్నాను. ఆ లాటరీ కూడా విజయవాడలో కంప్యూటర్‌లో కాదు, ఆ బడి ఆవరణలోనే తల్లిదండ్రుల ఎదుట తీయాలి.

– ఒక నెట్ సెంటర్ నిర్వాహకురాలు, చిత్తూరు